గేమ్ ఇంజిన్ ఎలా ఎంచుకోవాలి? స్టూడియోలు ముందు చూసేది గ్రాఫిక్స్ కాదు

గేమ్ ఇంజిన్ అంటే బొమ్మలు చూపించడం, కదిలించడం, శబ్దాలు వినిపించడం లాంటి పనులు ముందే రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్, దాని మీదే మనం గేమ్ కట్టుకుంటాం. గేమ్ చేద్దామని నలుగురు కూర్చోగానే మొదలయ్యే గొడవ ఇదే: యూనిటీయా, అన్‌రియలా, గోడోనా? వెంటనే ఎవరో ఒకరు రెండు ఇంజిన్ల డెమో వీడియోలు పక్కపక్కన పెట్టి, రాళ్ల మీద ఎండ ఎంత బాగా పడుతోందో చూడండంటారు. అది చూసి ఇంజిన్ తేల్చుకోవడమంటే పెళ్లి ఫోటోలు చూసి కాపురం ఎలా సాగుతుందో చెప్పడమే. అనుభవం ఉన్న స్టూడియోలు వేరే లెక్కలు వేసుకుంటాయి. ఎవరు పనిచేస్తారు, ఎక్కడ అమ్ముతాం, రేపు తేడా వస్తే బయటపడగలమా అని. మీరు ఒక్కరే చేస్తున్నా ఇదే వరుసలో వెళ్లండి.

1. ముందు గేమ్‌ని ఒక పేజీలో రాయండి

2డీనా 3డీనా, తెర మీద ఒకేసారి ఎన్ని శత్రువులు, ఆడేది ఫోన్‌లోనా కంప్యూటర్‌లోనా, ఇద్దరు కలిసి ఆన్‌లైన్‌లో ఆడాలా. రాశాక అందులో అన్నిటికన్నా కష్టమైన ముక్క కింద గీత గీయండి. ఇంజిన్‌ని ఎంచుకోవాల్సింది ఆ ముక్క కోసమే, మిగతావి ఏ ఇంజిన్‌లోనైనా అయిపోతాయి.

మాటలు, బొమ్మలతో నడిచే కథ గేమ్ అయితే వాటి కోసమే ఉన్న రెన్‌పై అనే చిన్న ఇంజిన్ చాలు. అండర్‌టేల్ అనే గేమ్‌ని గేమ్‌మేకర్ అనే ఇంజిన్‌లో చేశారు. అంత పేరు తెచ్చుకున్న బలాట్రో అయితే లవ్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ (ఇంజిన్ కన్నా తేలికైన కోడ్ సరంజామా) మీద, లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిందే. నిజంలా కనిపించే పెద్ద 3డీ ప్రపంచం కావాలంటే మాత్రం అన్‌రియల్ 5 చూడండి, అందులో ఉన్న నానైట్ (సన్నని వివరాలున్న 3డీ మోడళ్లను చూపించేది), లూమెన్ (వెలుతురు పడే తీరు చూసుకునేది) లాంటివి మీరు సొంతంగా రాసుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

తప్పు ఇంజిన్‌తో ఏమవుతుందో పెద్దవాళ్ల దగ్గరే చూడొచ్చు. ఫ్రాస్ట్‌బైట్ అనే ఇంజిన్‌ని డైస్ స్టూడియో బాటిల్‌ఫీల్డ్ లాంటి షూటింగ్ గేమ్‌ల కోసం కట్టింది. దాని మీద బయోవేర్ అనే మరో స్టూడియో 2014లో డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్ తెచ్చింది. రోల్ ప్లేయింగ్ గేమ్‌కి కావాల్సిన చాలా సరంజామా ఆ ఇంజిన్‌లో లేక వాళ్లే కూర్చుని కట్టుకోవాల్సి వచ్చింది. ఇంజిన్ చెడ్డదేం కాదు, వేరే పనికి పుట్టిందంతే.

2. టీమ్‌లో ఎవరికి ఏది వచ్చో చూడండి

నన్నడిగితే అన్నిటికన్నా బరువైన కారణం ఇది. ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో ప్రోగ్రామింగ్ భాష: యూనిటీ అంటే సీ షార్ప్, అన్‌రియల్ అంటే సీ ప్లస్ ప్లస్, దాంతో పాటు కోడ్ రాయకుండా డబ్బాలకు తీగలు కలిపినట్టు పనిచేసే బ్లూప్రింట్లు, గోడో అంటే జీడీస్క్రిప్ట్. ఐదేళ్లుగా సీ షార్ప్ రాస్తున్న ముగ్గురిని తీసుకెళ్లి సీ ప్లస్ ప్లస్‌లో పడేస్తే మొదటి ఆరు నెలలు గేమ్ కాదు, క్రాష్‌లే తయారవుతాయి.

పెద్ద స్టూడియోలు సొంత ఇంజిన్లు వదిలేయడానికి ఒక కారణం కూడా మనుషులే. విచర్ గేమ్‌లు తీసిన సీడీ ప్రాజెక్ట్ రెడ్, తర్వాతి విచర్‌ని తన సొంత రెడ్‌ఇంజిన్‌లో కాకుండా అన్‌రియల్ 5లో చేస్తామని 2022 మార్చిలో చెప్పింది. 2024లో హేలో గేమ్‌లు చేసే స్టూడియో కూడా అదే దారి పట్టింది, సొంత ఇంజిన్‌ని చూసుకోవడానికే బోలెడు మంది కావాల్సి వస్తోందని. పైగా సొంత ఇంజిన్ అంటే కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి నేర్పాలి, బయట ఎక్కడా ట్యుటోరియల్ ఉండదు.

3. ఎక్కడ అమ్ముతారో ఇప్పుడే తేల్చుకోండి

పీసీ, ఫోన్ అయితే పెద్దగా టెన్షన్ లేదు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి కన్సోల్ అన్నారంటే మాత్రం ఆగాలి. కన్సోల్ కంపెనీలు తమ డెవలప్‌మెంట్ కిట్లను రహస్య ఒప్పందం మీద ఇస్తాయి, అందుకని కోడ్ అందరికీ కనిపించే ఓపెన్ సోర్స్ ఇంజిన్ గోడోలో ఆ కోడ్ కలపడం కుదరదు. పోర్ట్ చేసిపెట్టే (గేమ్‌ని కన్సోల్‌లో నడిచేలా మార్చే) కంపెనీలకు డబ్బు కట్టాలి, లేదా మీరే చేసుకోవాలి. వాంపైర్ సర్వైవర్స్ అనే గేమ్ బ్రౌజర్ గేమ్‌లకు వాడే ఫేజర్‌లో మొదలై, హిట్టయ్యాక 2023లో పీసీ వెర్షన్ యూనిటీకి మారింది. దాన్ని తప్పు అని నేను అనను, హిట్టయ్యాకే కదా ఆ తలనొప్పి వచ్చింది.

4. లైసెన్స్ చదవండి, కాగితం మీద లెక్క వేయండి

అన్‌రియల్‌లో ఒక గేమ్ మొత్తం అమ్మకాలు 10 లక్షల డాలర్లు దాటే వరకు రాయల్టీ లేదు, దాటినదాని మీద మామూలుగా 5 శాతం. గేమ్ 15 లక్షల డాలర్లు తెచ్చిందనుకుంటే, పైనున్న 5 లక్షల మీద 25,000 కట్టాలి. ఆ లెక్క స్టోర్ తన వాటా కోసుకోక ముందు మొత్తం మీద వేస్తారని చాలామంది చూసుకోరు. యూనిటీలో రాయల్టీ లేదు, ఆదాయం ఒక హద్దు దాటితే మనిషికింత అని సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. గోడో 2014 నుంచి ఎంఐటీ అనే ఉచిత లైసెన్స్ మీద ఉంది, ఇంజిన్ వాడినందుకు ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు.

రేటు కన్నా భయపెట్టేది రేటు మారడం. 2023 సెప్టెంబరులో యూనిటీ, గేమ్ ఇన్‌స్టాల్ అయిన లెక్కన ఫీజు వసూలు చేస్తామని ప్రకటించింది. డెవలపర్లు భగ్గుమన్నారు. పది రోజుల్లో యూనిటీ కొంత వెనక్కి తగ్గింది, ఏడాది తర్వాత మొత్తానికే రద్దు చేసింది. ఈలోపు నమ్మకం పోయింది. స్లే ద స్పైర్ అనే కార్డుల గేమ్ చేసిన టీమ్ అప్పటికే చాలా పని అయిపోయిన తర్వాతి గేమ్‌ని గోడోకి మార్చేసుకుంది.

మీరూ అలా లేచి వెళ్లగలగాలంటే, గేమ్ రూల్స్ ఉన్న కోడ్‌ని ఇంజిన్ కోడ్‌తో కలపకుండా విడిగా రాయండి. దెబ్బ తగిలితే ఎంత ప్రాణం పోతుంది, కార్డు ధర ఎంత అనేవి ఇంజిన్‌కి తెలియాల్సిన పని లేదు. బొమ్మలు, 3డీ మోడళ్ల అసలు ఫైళ్లు కూడా ప్రాజెక్టు బయట దాచుకోండి.

5. ఒక వారం కేటాయించి పరీక్ష పెట్టండి

మొదటి మెట్టులో గీత గీసిన ముక్క ఉంది కదా, అదొక్కటే, జాబితాలో మిగిలిన రెండు మూడు ఇంజిన్లలో చేయండి. మెనూ వద్దు, మ్యూజిక్ వద్దు. 300 శత్రువులే కష్టమైన ముక్క అయితే 300 చతురస్రాలను పరిగెత్తించి, మీ దగ్గరున్న అతి నాసిరకం ఫోన్‌లో పెట్టి చూడండి. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద గీసే బొమ్మలు) రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే టైమ్ 16.6 మిల్లీసెకన్లే.

ఇంకో పరీక్ష ఉంది, ఎవరూ చేయరు కానీ నాకు ఇదే ఇష్టం. కోడ్‌లో ఒక్క లైను మార్చి, ప్లే నొక్కి, గేమ్ నడిచే వరకు వాచీ చూసుకోండి. 40 సెకన్లు పట్టిందనుకోండి, రోజుకు 50 సార్లు నొక్కితే అరగంట పైనే గాలికి పోయినట్టు. నేనొకసారి చిన్న పజిల్ గేమ్‌ని భారీ ఇంజిన్‌లో మొదలుపెట్టాను, ప్రాజెక్ట్ తెరుచుకునేలోపు చేయాల్సింది ఏమిటో మర్చిపోయేవాణ్ని, మూడో వారానికి తెరవడమే మానేశాను.

టీమ్‌లో ఒకరికి మించి ఉంటే, ఇద్దరు ఒకే సీన్‌ని (గేమ్‌లో ఒక భాగం ఉండే ఫైల్‌ని) విడివిడిగా మార్చి, ఆ మార్పులు కలిపి చూడండి. గోడో సీన్లు మామూలు టెక్స్ట్ ఫైళ్లు, గొడవైనా తెరిచి సరిచేయొచ్చు. అన్‌రియల్ బ్లూప్రింట్లు మనిషి తెరిచి చదవలేని బైనరీ ఫైళ్లు, ఇద్దరు ముట్టుకుంటే ఒకరి పని పోయినట్టే. పెద్ద టీములు పెర్ఫోర్స్ అనే ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఫైల్‌కి తాళం వేసుకుని పనిచేసేది అందుకే.

6. ఎంచుకున్నాక వెర్షన్‌కి మేకు కొట్టండి

ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్ తీసుకోండి. ప్రాజెక్టు మధ్యలో కొత్తది వచ్చిందని చేయి దురద పెట్టినా అప్‌గ్రేడ్ నొక్కొద్దు. తప్పనిసరైతే వేరే బ్రాంచ్‌లో (ప్రాజెక్టు విడి కాపీలో) చేసి, మీరు వాడుతున్న ప్లగిన్లన్నీ (ఇంజిన్‌కి విడిగా తగిలించుకున్నవి) బతికే ఉన్నాయో లేదో ఒక్కొక్కటే తెరిచి చూశాకే అందరికీ చెప్పండి.