డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టె – 3వ పాఠం: వాలు పెట్టెకు కొలతలు తీయడం

స్పీకరుతో వచ్చే కాగితంలో ఎఫ్‌ఎస్ (స్పీకరు సహజంగా మోగే స్వరం), క్యూటీఎస్ (ఆ మోత ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె), వాస్ (స్పీకరు పొర బిగువుకు సమానమైన బిగువు గల గాలి, లీటర్లలో) అనే మూడు అంకెలను ఎలా చదవాలో గత పాఠంలో చూశాం. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేరు మీద వీటిని థీల్-స్మాల్ విలువలు అంటారని కూడా చెప్పుకున్నాం. ఈ పాఠంలో ఆ అంకెల నుంచి లీటర్లు, లీటర్ల నుంచి చెక్క మీద గీతలు రాబడదాం. పూర్తిగా మూసి ఉండే పెట్టెను మాత్రమే తీసుకుంటున్నాను. గొట్టం పెట్టిన పెట్టె లెక్క వేరు, దానిని తరువాతి పాఠానికి ఉంచుదాం.

మన దగ్గర 10 అంగుళాల స్పీకరు ఉందని, దాని ఎఫ్‌ఎస్ 32 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.50, వాస్ 30 లీటర్లు అని అనుకుందాం. పెట్టెలో బిగించిన తరువాత క్యూ విలువ, అంటే క్యూటీసీ, 0.707 దగ్గర ఉంటే బాస్ హెచ్చుతగ్గులు లేకుండా సమంగా వినిపిస్తుంది. 0.707ను 0.50తో భాగిస్తే 1.414 వస్తుంది, దానిని దానితోనే హెచ్చిస్తే 2, అందులో 1 తీసివేస్తే మిగిలేది 1. వాస్‌ను ఈ 1తో భాగించగా వచ్చిన 30 లీటర్లే మనకు కావలసిన గాలి. చోటు చాలదని దానిని 15 లీటర్లకు కుదిస్తే, లోపలి గాలి గట్టి స్ప్రింగులా బిగుసుకుని క్యూటీసీ 0.87కు, పెట్టెలో స్పీకరు స్వరం 45 నుంచి 55 హెర్ట్జ్‌కు పెరుగుతాయి. అప్పుడు డప్పు దెబ్బ స్పష్టంగా పడడానికి బదులు గుంయ్‌మని సాగుతుంది. ఆటోనగర్ వైపు వెళ్లినప్పుడు కొన్ని కార్లలో వినిపించే ఆ గుంయ్ శబ్దాన్ని చాలామంది ‘పవర్’ అనుకుంటారు గాని, నా దృష్టిలో అది లెక్క తప్పిన పెట్టె.

ఈ 30 లీటర్లు స్పీకరుకు మిగలవలసిన గాలి మాత్రమే. స్పీకరు వెనుక భాగం సుమారు 1.5 లీటర్లు, లోపల అడ్డంగా బిగించే ఆసరా చెక్క ఒక లీటరు ఆక్రమిస్తాయని వేసుకుంటే, పెట్టె లోపలి ఘనపరిమాణం 32.5 లీటర్లు, అంటే 32,500 ఘన సెంటీమీటర్లు ఉండాలి.

ఇప్పుడు డిక్కీ దగ్గరకు వద్దాం. వెనుక సీటు వీపు నిటారుగా ఉండదు, పైకి వెళ్లే కొద్దీ వెనక్కు వాలుతుంది. అందుకే సీటుకు ఆనే పలక కూడా ఆ వాలులోనే ఉండాలి. కోణమానిని లేకపోయినా ఈ వాలును కొలవవచ్చు. కారును చదునైన చోట నిలిపి, దారానికి ఒక బరువైన నట్టు కట్టి, సీటు వీపు పై అంచు నుంచి డిక్కీలోకి వేలాడదీయండి. దారం కదలకుండా నిలిచాక, అంచు నుంచి 32 సెం.మీ. కిందికి వచ్చి, అక్కడ దారానికీ సీటుకూ మధ్య దూరాన్ని అడ్డంగా కొలవండి. నా కారులో అది 11.4 సెం.మీ. వచ్చింది. అంటే 32 సెం.మీ. ఎత్తు గల పెట్టెకు పై లోతు, కింది లోతుకన్నా 11.4 సెం.మీ. తక్కువ ఉండాలి.

లోపలి వెడల్పు 50, ఎత్తు 32 సెం.మీ. తీసుకుంటే, 32,500ను ఆ రెండింటి లబ్ధమైన 1,600తో భాగించగా సగటు లోతు సుమారు 20.3 సెం.మీ. వస్తుంది. 11.4లో సగం 5.7. దానిని సగటుకు కలిపితే కింద లోతు 26, తీసివేస్తే పైన 14.6 సెం.మీ. అవుతుంది. స్పీకరును సీటుకు ఎదురు వైపున ఉండే నిటారు పలక మధ్యలో బిగిస్తాం కనుక అయస్కాంతం వెనుక సీటు వైపు పలకకు తగలదు. అయినా కాగితంలో ఇచ్చిన బిగింపు లోతును ఆ చోట ఉన్న లోతుతో పోల్చి, రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ మిగులుతోందో లేదో చూడండి.

ఇవన్నీ లోపలి కొలతలు. 18 మి.మీ. పలకతో చేస్తే బయటి వెడల్పు 53.6, ఎత్తు 35.6 సెం.మీ. అవుతాయి. లోతు దగ్గర మాత్రం తొందరపడకూడదు. వాలు పలకను అడ్డంగా కొలిస్తే 18 కాదు, 19 మి.మీ. పైగా వస్తుంది, అడుగు పలక మందం మేర వాలు ఇంకా కిందికి సాగుతుంది. అందువల్ల బయట అడుగున లోతు 30.4, పైన 17.7 సెం.మీ. ఉంటుంది. పై పలక, అడుగు పలక అంచులను చదరంగా కాకుండా సుమారు 20 డిగ్రీల ఏటవాలుగా కోయమని వడ్రంగికి కాగితం మీద గీసి ఇవ్వండి. నోటిమాటగా చెప్తే నిటారుగానే కోస్తారు.

చెక్క కోయడానికి ముందు ఇవే బయటి కొలతలతో అట్టపెట్టె ఒకటి చేసి డిక్కీలో పెట్టి చూడడం తప్పనిసరి. నేను చేసిన మొదటి పెట్టె లోపల సరిపోయేదే, కానీ డిక్కీ నోరు లోపలికన్నా ఇరుకు కావడంతో అది లోపలికి వెళ్లనే లేదు. రెండవది వెళ్లింది, ఆ సంతోషంలో దానిని స్టెప్నీ మూత మీద బోల్టులతో బిగించాను. మంగళగిరి దాటాక టైరు పంక్చరైనప్పుడు, హైవే పక్కన ఎండలో పెట్టెను విప్పడానికి పట్టిన గంట నాకు ఇప్పటికీ గుర్తుంది. పెట్టెను బిగించకుండా వదిలేయడం కూడా సరి కాదు, సడన్ బ్రేకు వేస్తే అది సీటును గుద్దుతుంది. మూత తెరుచుకునేంత చోటు వదిలి, లాగగానే ఊడే బెల్టులతో కట్టడం మేలు.

పలక విషయానికి వస్తే, ఎండీఎఫ్, అంటే చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక, నునుపుగా కోతకు వస్తుంది, శబ్దానికీ మంచిది, కానీ నీరు తగిలితే ఉబ్బిపోతుంది. విజయవాడలో వానాకాలం డిక్కీ అడుగున చేరే తడిని చూశాక, నేను ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌నే వాడుతున్నాను. ధర ఎక్కువే. ఎండీఎఫ్‌తోనే చేయదలిస్తే అన్ని అంచులకూ, ముఖ్యంగా కోసిన అంచులకు, రెండు పూతల సీలర్ వేయండి.

అభ్యాసం: క్యూటీఎస్ 0.45, వాస్ 40 లీటర్లు ఉన్న స్పీకరుకు 0.707 క్యూటీసీతో ఎన్ని లీటర్ల గాలి కావాలో లెక్కించి, మీ కారు సీటు వాలును దారంతో కొలిచి, పై లోతు, కింది లోతు రాసి పెట్టుకోండి. మీ లీటర్ల జవాబు 27కు కాస్త పైన రావాలి. వచ్చే పాఠంలో గొట్టం పొడవు లెక్కకు ఇవే అంకెలు అవసరమవుతాయి.