మత్తు మానిన మహిళలకు ఇల్లు ఏర్పాటు చేయడం ఎలా?

చికిత్సా కేంద్రం నుంచి బయటికి వచ్చిన స్త్రీ తాగే భర్త ఉన్న పాత ఇంటికే తిరిగి వెళ్ళవలసి వస్తే, ఆ చికిత్స ఎంతోకాలం నిలవకపోవచ్చు. అమెరికాలో ఇటువంటి వారి కోసం ఇల్లు నడపాలనుకునే తెలుగువారు మొదట ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతిని పరిశీలించడం మంచిది. 1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో మత్తు మానినవారి కోసం నడుస్తున్న, తాము ఉంటున్న వసతి గృహం మూతపడుతున్నప్పుడు పాల్ మొల్లాయ్, ఆయన తోటివారు ఆ ఇంటిని అద్దెకు తీసుకొని తామే నడుపుకోవడంతో అది మొదలైంది. ఇంటిని ఉన్నవారే ప్రజాస్వామ్యంగా నడుపుకోవాలి, ఖర్చులు తామే భరించాలి, మళ్ళీ మత్తు ముట్టినవారిని వెంటనే పంపివేయాలి అన్నవే దానికి మూలమైన షరతులు.

కనీసం ఆరుగురికి సరిపడే ఇంటిని బస్సు సౌకర్యం ఉన్న మామూలు వీధిలోనే వెతకండి. ఇరుగుపొరుగు అభ్యంతరం చెబితే, మత్తు మాని కోలుకుంటున్నవారికి ఇళ్ళ విషయంలో వివక్ష కూడదనే గృహవసతి చట్టానికి 1988లో చేసిన సవరణ రక్షణ ఇస్తుందని, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ నగరం వేసిన వ్యాజ్యంలో 1995లో సుప్రీంకోర్టు కూడా ఆక్స్‌ఫర్డ్ హౌస్ వైపే తీర్పు చెప్పిందని గుర్తుంచుకొని న్యాయవాదిని సంప్రదించండి.

మనవాళ్ళకు మొదట తట్టే ఆలోచన ఒక వార్డెన్‌ను పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. పైనుంచి కాపలా ఉన్నచోట కళ్ళుగప్పడమే అలవాటవుతుంది. కొత్తగా వచ్చే స్త్రీని ఇంట్లోవారే ఇంటర్వ్యూ చేసి ఓటు వేస్తారు. ఎనభై శాతం మంది అంగీకరించాలి కనుక, ఆరుగురున్న ఇంట్లో ఐదుగురైనా ఒప్పుకోవాలి. వారం వారం జరిగే సమావేశంలో ట్రెజరర్ బ్యాంకు నిల్వ ఎంతో, అద్దె వాటా ఎవరు ఎంత బాకీ ఉన్నారో పైకి చదువుతుంది. బాత్రూమ్ ఎవరు కడగాలో, చెత్తబుట్ట ఎవరు బయట పెట్టాలో పేరుపేరునా తేలుతుంది. ఎవరూ పాతుకుపోకుండా ఈ పదవులు ఆరు నెలలకొకసారి మారుతాయి.

మహిళల ఇంటికి మరికొన్ని జాగ్రత్తలు అవసరం. పిల్లలతో వచ్చే తల్లులను చేర్చుకునేదీ లేనిదీ ముందే నిర్ణయించుకోండి. హింసించిన భర్తకో, ప్రియుడికో ఇంటి చిరునామా చెప్పకూడదన్న నియమం రాతలో ఉండాలి. ప్రిస్క్రిప్షన్ మందులను తాళం వేసిన పెట్టెల్లో ఉంచుకోవాలి. హెరాయిన్ వంటి ఓపియాయిడ్ మత్తుమందుల మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే నలోక్సోన్ స్ప్రే ఏ అలమరలో ఉందో అందరికీ తెలియాలి. ఎవరైనా స్పృహ తప్పితే దాన్ని వాడుతూనే అత్యవసర సహాయ నంబరు 911కు ఫోన్ చేయాలి. ఎవరైనా మళ్ళీ తాగితే అర్ధరాత్రి వీధిలో నిలబెట్టవలసిన అగత్యం రాకుండా, ఎక్కడికి పంపాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఆమె చేరిన రోజునే రాయించుకోండి. ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు రావచ్చు కాబట్టి, అటువంటివారిని ముందుగా వైద్యుల దగ్గరికే పంపాలి.

తెలుగు సంఘాలు అద్దె డిపాజిట్, మంచాలు, వంటపాత్రలు సమకూర్చవచ్చు, ఉద్యోగ ఇంటర్వ్యూలకు కారులో దింపవచ్చు. చెప్పకుండా ఇంటికి వెళ్ళడం, గతం తవ్వడం, సంఘం పత్రికకు ఫోటోలు తీయడం మాత్రం కూడదు. నలుగురేమనుకుంటారో అన్న భయంతోనే ఎందరో స్త్రీలు చికిత్సకు ఆలస్యంగా వస్తారు. నెలనెలా విరాళమిచ్చి అద్దె కట్టడం కన్నా, మంచం ఖాళీ అయినప్పుడు ఆ వాటా మిగిలినవారి మీద పడకుండా రెండు నెలల అద్దెను నిల్వగా ఉంచడం మేలు.