ప్రింటర్ మరమ్మతు నేర్చుకుందాం – 4వ పాఠం: కేబుల్ కలిపినా కంప్యూటరుకు కనిపించని ప్రింటర్

గత పాఠంలో కాగితం ఇరుక్కోవడం, పికప్ రోలరు అరిగి కాగితాన్ని లాగలేకపోవడం వంటి లోపాలను పరిశీలించాము. అవి మూత తెరిస్తే కంటికి కనిపించే లోపాలు. ఈసారి తీసుకున్నది అటువంటిది కాదు. ప్రింటర్ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, కేబుల్ రెండు కొసలా గుచ్చే ఉంటుంది, అయినా కంప్యూటరులో ఆ ప్రింటర్ జాడ ఉండదు. డీటీపీ సెంటర్లలోనూ మీసేవ కేంద్రాలలోనూ దీనిని ‘ప్రింటర్ డిటెక్ట్ కావడం లేదు’ అని ఒక్క ముక్కలో చెబుతారు. ఆ మాట వినగానే చాలామంది చేసే పని డ్రైవరును, అంటే కంప్యూటరు ప్రింటర్‌తో మాట్లాడటానికి కావలసిన సాఫ్ట్‌వేరును, తీసివేసి మళ్లీ వేయడం. కొంతసేపటికి ఆ ఇన్‌స్టాలేషన్ కాస్తా ‘యూఎస్‌బీ కేబుల్ కలపండి’ అనే తెర దగ్గర ఆగిపోతుంది, కథ మొదటికి వస్తుంది. కంప్యూటరుకు ప్రింటర్ ఉనికే తెలియనప్పుడు డ్రైవరు వేయడం, ఇంటికి రాని చుట్టానికి విస్తరి వేసి కూర్చోవడం వంటిది. కాబట్టి ఈ పాఠంలో డ్రైవరును వెనక్కు నెట్టి, కంప్యూటరు ప్రింటర్‌ను ఎంతవరకు గుర్తించి ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం ముందుగా నేర్చుకుందాము. ఉదాహరణలన్నీ విండోస్ 10, 11 లకు సంబంధించినవి.

కేబుల్ కలపగానే జరిగేది

యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలు ఉంటాయి. ఒకటి 5 వోల్టుల విద్యుత్తును తెస్తుంది, ఒకటి గ్రౌండు, మిగిలిన డీ ప్లస్, డీ మైనస్ అనే రెండు తీగలు సమాచారాన్ని మోస్తాయి. కేబుల్‌లో 5 వోల్టులు వచ్చినట్లు గమనించగానే ప్రింటర్‌లోని బోర్డు డీ ప్లస్ తీగను 1.5 కిలో ఓముల రెసిస్టరు ద్వారా పైకి లాగుతుంది. కంప్యూటరు వైపు అదే తీగ 15 కిలో ఓముల రెసిస్టరుతో గ్రౌండుకు కట్టి ఉంటుంది కనుక, అంతవరకు సున్నా దగ్గర ఉన్న వోల్టేజి ఒక్కసారిగా 3 వోల్టుల దాకా లేస్తుంది. ఏదో ఒక పరికరం తగిలిందని కంప్యూటరుకు తెలిసేది అప్పుడే. అది ప్రింటరో పెన్‌డ్రైవో మాత్రం ఇంకా తెలియదు.

తరువాత కంప్యూటరు ఆ పోర్టును రీసెట్ చేసి, పరికరం వివరాలు అడుగుతుంది. ప్రింటర్ 18 బైట్ల జవాబు ఇస్తుంది. డివైస్ డిస్క్రిప్టర్ అనే ఈ జవాబులో తయారీ సంస్థ సంఖ్య, మోడల్ సంఖ్య ఉంటాయి. కెనాన్‌కు 04ఏ9, హెచ్‌పీకి 03ఎఫ్0, ఎప్సన్‌కు 04బీ8 అని సంఖ్యలు కేటాయించి ఉన్నాయి. ఆ వెంటనే వచ్చే మరో జవాబులో పరికరం ఏ తరగతికి చెందినదో ఉంటుంది. ప్రింటర్ల తరగతి సంఖ్య 07. అది చూసిన విండోస్ తనలోనే ఉన్న ‘యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్’ అనే భాగాన్ని జతచేసి, దాని ద్వారా ప్రింటర్ పేరును, మోడల్‌ను అడిగి తెలుసుకుంటుంది. ఆ పేరుకు తగిన డ్రైవరు కోసం వెతకడం ఇన్ని జరిగిన తరువాతి సంగతి. ఈలోగా విండోస్ లోపల ‘యూఎస్‌బీ001’ వంటి పేరుతో పోర్టు ఒకటి ఏర్పడుతుంది, డ్రైవరు దొరికాక ప్రింటర్ల జాబితాలో బొమ్మ ప్రత్యక్షమవుతుంది. ఈ వరుసలో ఏ మెట్టు మీద పని ఆగిపోయినా వాడుకరి నోట వచ్చే ఫిర్యాదు మాత్రం అదే.

పరీక్ష

విండోస్ గుర్తు ఉన్న మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కితే వచ్చే జాబితాలో, కంప్యూటరుకు తగిలి ఉన్న పరికరాలన్నిటినీ చూపే ‘డివైస్ మేనేజర్’ను తెరవండి. ప్రింటర్ స్విచ్ వేసి, దాని మోటారు చప్పుడు ఆగి దీపం నిలకడగా వెలిగేదాకా ఆగండి. ఇప్పుడు తెర మీద చూపు నిలిపి, కేబుల్‌ను కంప్యూటరు వైపు ఒకసారి తీసి, ఐదారు సెకన్ల తరువాత తిరిగి పెట్టండి. స్పీకరు ఉంటే చెవి కూడా పెట్టండి. పరికరం తగిలినప్పుడు విండోస్ చేసే చిన్న శబ్దం, డివైస్ మేనేజర్ జాబితా ఒకసారి రెపరెపలాడి తిరిగి నిలబడటం, ఈ రెండూ మనకు కావలసిన సాక్ష్యాలు. ఇక్కడ తొందరపడి మరో రెండు పనులు కలిపి చేస్తే సాక్ష్యం చెడిపోతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ జాబితాను చూడండి.

శబ్దం లేదు, జాబితా కదలలేదు

అంటే డీ ప్లస్ తీగ లేవనే లేదు. విండోస్‌లో మీరు ఏమి మార్చినా ఇక్కడ సాధారణంగా ఉపయోగం ఉండదు. లోపం ప్రింటర్ బోర్డులోనో, కేబుల్‌లోనో, పోర్టులోనో వెతకాలి.

ముందు పోర్టు. ముందువైపు పోర్టులకు క్యాబినెట్ లోపలి నుంచి మదర్‌బోర్డు దాకా ఒక తీగల కట్ట వెళుతుంది. అది వదులైనా, అసలు తగిలించకపోయినా ఆ పోర్టులు నిర్జీవంగానే ఉంటాయి. కనుక వెనుకవైపు, మదర్‌బోర్డు మీదనే బిగించి ఉన్న పోర్టులో పెట్టి చూడండి. ఆ పోర్టు మంచిదో కాదో తేల్చడానికి చాలామంది మౌస్ పెట్టి చూసి, మౌస్ కదిలింది కనుక పోర్టు బాగానే ఉందంటారు. ఈ పరీక్ష సగం పరీక్షే. సాధారణ మౌస్ సెకనుకు 1.5 మెగాబిట్ల వేగంతో పనిచేస్తుంది, పైగా అది లేపేది డీ మైనస్ తీగను. ఇప్పటి ప్రింటర్లలో అధికభాగం 480 మెగాబిట్ల వేగాన్ని ఎంచుకుంటాయి. పిన్నులు తుప్పు పట్టిన పోర్టులో మౌస్ హాయిగా నడిచి, ప్రింటర్ మొరాయించే అవకాశం ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి ఒక పెద్ద ఫైలును కాపీ చేసి చూడండి. అది మధ్యలో ఆగకుండా పూర్తయితే పోర్టును నమ్మవచ్చు.

తరువాత కేబుల్. మరో ప్రింటర్‌తో పనిచేస్తున్నదని మీకు కచ్చితంగా తెలిసిన కేబుల్‌ను తెచ్చి మార్చి చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. మల్టీమీటరుతో నాలుగు తీగలకూ కంటిన్యుటీ, అంటే తీగ తెగకుండా ఉందో లేదో, చూడవచ్చు గాని, కదిలించినప్పుడు మాత్రమే తెగే తీగను అది పట్టుకోలేకపోవచ్చు.

మిగిలింది ప్రింటర్ వెనుక ఉన్న చదరపు సాకెట్. టేబుల్‌ను గోడకు ఆనించి నెట్టినప్పుడల్లా కేబుల్ తల ఆ సాకెట్‌ను పైకో కిందికో వంచుతుంది, బోర్డు మీద టంకం అతుకులు చిట్లుతాయి. కేబుల్‌ను వేలితో కొద్దిగా పైకి ఎత్తి పట్టుకున్నప్పుడు కంప్యూటరు శబ్దం చేస్తే దోషం అక్కడే ఉందని తెలుసుకోండి. దానికి టంకం పెట్టే పనివారి అవసరం ఉంటుంది. బోర్డు ఎలా విప్పాలో రాబోయే పాఠాలలో ఒకచోట చూద్దాము.

ఇక్కడే ఎర్తింగ్ గురించి చెప్పక తప్పదు. ప్రింటర్‌లోనూ కంప్యూటరులోనూ కరెంటు లోనికి వచ్చేచోట ఉండే ఫిల్టరులో చిన్న కెపాసిటర్లు రెండు ఉంటాయి. అవి ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి యంత్రం లోహపు భాగానికి కలిసి ఉంటాయి. ఎర్తు సరిగ్గా ఉంటే ఇబ్బంది లేదు. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గు, ఎర్తు తీగ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడితే మాత్రం ఆ లోహం 230 వోల్టులలో దాదాపు సగం దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు స్వల్పమే కనుక మనిషికి చిన్న జివ్వుమనే స్పర్శ తగులుతుంది, అంతే. కాని ఆ స్థితిలో కేబుల్ కలిపితే, గ్రౌండు పిన్ను కన్నా ముందు మరేదైనా తగిలిన క్షణంలో ఆ వోల్టేజి యూఎస్‌బీ చిప్ మీదుగా దారి వెతుక్కుంటుంది. క్యాబినెట్‌ను ముట్టుకుంటే జివ్వుమనే చోట్ల రెండు యంత్రాల ప్లగ్గులూ గోడ నుంచి తీసి, ఆ తరువాతే కేబుల్ కలపండి. వెంటనే ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ చూపించండి. పోర్టులు వరుసగా పోతున్న దుకాణంలో నేనైతే కొత్త కేబుల్ కొనక ముందు స్విచ్ బోర్డునే అనుమానిస్తాను.

పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’

శబ్దం వచ్చి, ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ శీర్షిక కింద ఈ పేరు, దాని పక్కన ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని కనిపిస్తే మొదటి మెట్టు దాటినట్లు. తీగ లేచింది, కంప్యూటరు అడిగింది, 18 బైట్ల జవాబు మాత్రం సరిగ్గా రాలేదు. ప్రాపర్టీస్‌లో కోడ్ 43 అని ఉంటుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే తయారీ సంస్థ సంఖ్య ఉండవలసిన చోట 0000 ఉంటుంది. ఆ నాలుగు సున్నాలు చూసిన తరువాత కూడా డ్రైవరు కోసం వెతికేవారిని ఆపవలసిందే, ఎందుకంటే ఏ సంస్థ ప్రింటరో తెలియని కంప్యూటరు మీరిచ్చిన డ్రైవరును దేనికి జతచేస్తుంది?

కేబుల్ పొడవు ఇక్కడ మొదటి అనుమానం. యూఎస్‌బీ 2.0కు 5 మీటర్లు దాటకూడదు. దానికి మరో ఎక్స్‌టెన్షన్ కేబుల్ అతికితే ప్రతి అతుకు దగ్గరా సంకేతం కొంత నలుగుతుంది. ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే హబ్ వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి నేరుగా కలపండి. అప్పటికీ మారకపోతే ప్రింటర్ ప్లగ్గును గోడ నుంచి తీసి ఒకటి రెండు నిమిషాలు వదిలేయండి. కంప్యూటరును షట్ డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ అమలులో ఉన్న విండోస్, షట్ డౌన్ చేసినప్పుడు తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్ మీద దాచుకొని తిరిగి దానినే తెచ్చుకుంటుంది కనుక, పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్‌తోనే. ఇవన్నీ అయ్యాక ప్రింటర్‌ను మరో కంప్యూటరుకు కలిపి చూడండి. అక్కడా ఇదే సందేశం వస్తే ప్రింటర్ బోర్డు వైపు మొగ్గవచ్చు.

పేరు కనిపిస్తోంది గాని పసుపు గుర్తు ఉంది

‘అదర్ డివైసెస్’ కింద ప్రింటర్ మోడల్ పేరు స్పష్టంగా, పక్కన పసుపు గుర్తుతో, కోడ్ 28తో కనిపిస్తే సంతోషించండి. ఆ పేరు ప్రింటర్ నోటి నుంచి వచ్చినదే కనుక కేబుల్, పోర్టు, బోర్డు మూడూ బాగున్నాయి. డ్రైవరు వేయవలసిన సమయం ఇది. పెట్టెలో వచ్చిన పాత సీడీని వాడకండి, తయారీ సంస్థ వెబ్‌సైటు నుంచే తెచ్చుకోండి. విండోస్ 11 కేవలం 64 బిట్ల రూపంలోనే ఉంది, 32 బిట్ల డ్రైవరు అందులో పనికిరాదు. ఇన్‌స్టాలేషన్ అడిగేవరకు కేబుల్ కలపవద్దని సూచన ఉంటే తప్పక పాటించండి. పాత మోడళ్లకు దొరికిన డ్రైవరు ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లో దాచిపెట్టుకోవడం మేలు. విండోస్ అప్‌డేట్ ద్వారా ప్రింటర్ సంస్థల డ్రైవర్లను అందించడాన్ని దశలవారీగా ఆపుతామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది.

ఒక విచిత్రం కూడా గుర్తుంచుకోండి. హెచ్‌పీ లేజర్‌జెట్ పీ1102 వంటి కొన్ని మోడళ్లు కలపగానే ప్రింటర్‌గా కాక సీడీ డ్రైవ్‌గా కనిపించవచ్చు. స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే ఈ ఏర్పాటులో డ్రైవరు ప్రింటర్ లోపలే ఉంటుంది. ఆ డ్రైవ్‌ను తెరిచి ఇన్‌స్టాలేషన్ నడిపితే ప్రింటర్ తన అసలు రూపానికి మారుతుంది.

అంతా ఉంది, ప్రింటర్ మాత్రం ఆఫ్‌లైన్

‘యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్’ పసుపు గుర్తు లేకుండా కనిపిస్తూ, ప్రింటర్ల జాబితాలో ఉన్న బొమ్మ మసకగా ఉంటే గుర్తించడంలో లోపం లేదు. పని వెళ్లే దారి తప్పింది. కొన్ని ప్రింటర్లు తమ క్రమసంఖ్యను యూఎస్‌బీ ద్వారా చెప్పవు. అటువంటి ప్రింటర్‌ను విండోస్ అది తగిలి ఉన్న పోర్టును బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఊడ్చేటప్పుడు కేబుల్ తీసి పక్క పోర్టులో పెట్టారంటే, విండోస్ దృష్టిలో అది కొత్త ప్రింటర్. పేరు చివర ‘కాపీ 1’ అని మరో బొమ్మ తయారవుతుంది, పాత బొమ్మ యూఎస్‌బీ001 వైపే చూస్తూ ఉండిపోతుంది. పాత బొమ్మ మీద కుడి మీట నొక్కి ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లో పోర్ట్స్ ట్యాబ్ తెరిచి, యూఎస్‌బీ002 వంటి కొత్త పోర్టుకు టిక్కు మార్చండి. కేబుల్‌ను తిరిగి పాత పోర్టులోనే పెట్టినా చాలు. ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అన్న చోట టిక్కు ఉంటే తీసేయండి. క్యూలో కదలని పని ఒకటి అడ్డుపడి ఉంటే, సర్వీసెస్‌లో ప్రింటు పనులను వరుసలో ఉంచి పంపే ‘ప్రింట్ స్పూలర్’ను ఆపి, విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ వరుసలో లోపలికి వెళ్లి అక్కడి ఫైళ్లను తొలగించి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టండి.

పొద్దున బాగుండి, కొంతసేపు పని లేకపోతే మాయమయ్యే ప్రింటర్‌ది వేరే లెక్క. డివైస్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ ప్రాపర్టీస్‌కు వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపే అనుమతికి ఉన్న టిక్కు తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ను కూడా నిలిపివేయండి. ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువగా అవసరమవుతుంది.

అభ్యాసం

బాగా పనిచేస్తున్న ఒక ప్రింటర్‌ను తీసుకొని, డివైస్ మేనేజర్ తెరిచి ఉంచి, కేబుల్‌ను కంప్యూటరులోని ప్రతి పోర్టులోనూ ఒక్కొక్కసారి పెట్టండి. ఏ పోర్టులో పెట్టినప్పుడు ఏ పేరు కనిపించిందో, హార్డ్‌వేర్ ఐడీలలో ఏ తయారీ సంఖ్య ఉందో, ప్రింటర్ల జాబితాలో కొత్త బొమ్మ చేరిందో లేదో నోటుపుస్తకంలో రాసుకోండి. తరువాత ప్రింటర్ స్విచ్ ఆపి, కేబుల్ మాత్రం కలిపి ఉంచి, జాబితాలో ఏమి మిగిలిందో చూడండి. వ్యూ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ ఎంచుకుంటే మసకగా కనిపించే పాత పేర్లను కూడా లెక్కలోకి తీసుకోండి. కేబుల్‌లో 5 వోల్టులు అందుతున్నా స్విచ్ ఆపిన ప్రింటర్ ఎందుకు కనిపించదో, పైన చెప్పిన మొదటి మెట్టును బట్టి మీ మాటల్లో రాయండి. వచ్చే పాఠానికి ఆ పుస్తకాన్ని దగ్గర ఉంచుకోండి. వైఫై ప్రింటర్లను తీసుకున్నప్పుడు ఇవే మెట్లను మరో వరుసలో చూడవలసి ఉంటుంది.