బెంగళూరులో ఛారిటీ బైక్ రైడ్‌కి వెళ్లాలనుకుంటే ఏం చేయాలి?

రైడ్ పోస్టర్ కనబడగానే అందరూ అడిగేది రూటు, టిఫిన్ ఎక్కడ అని. మీరు ముందు డబ్బు సంగతి అడగండి. విరాళం ఏ సంస్థకు వెళ్తుంది, ఎప్పుడు ఇస్తారు, టీషర్టులూ బ్యానర్ల ఖర్చు రిజిస్ట్రేషన్ ఫీజులోంచి తీస్తారా, విరాళాల్లోంచా? డబ్బు నేరుగా ట్రస్టు లేదా ఆసుపత్రి ఖాతాలో పడే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. సూటిగా జవాబు రాని చోట పేరు ఇవ్వకండి.

పద్ధతిగా ఎలా నడపొచ్చో తెలియాలంటే డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్‌ని చూడండి. 2012లో సిడ్నీలో మొదలైంది. సూటూ బూటూ వేసుకుని, పాతకాలపు తీరు బైకుల మీద ఊళ్లో తిరుగుతారు. ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకూ, మగవాళ్ల మానసిక ఆరోగ్యానికీ నిధులు పోగుచేస్తారు. ప్రతి రైడరుకీ సొంత విరాళాల పేజీ ఉంటుంది. బెంగళూరులోనూ జరుగుతుంది.

తర్వాత విరాళాలు అడగాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పోస్టర్ ఫార్వర్డ్ చేసి ఊరుకుంటే వచ్చేవి చప్పట్ల బొమ్మలే. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి: "బావా, ఆదివారం లేపాక్షి దాకా రైడ్ వెళ్తున్నాం, క్యాన్సర్ ఉన్న పిల్లల మందుల కోసం. ఐదొందలు వేస్తావా?" ఎంత కావాలో చెబితే ఇచ్చేవాళ్లకు తేలిక. మొహమాటం వద్దు, మీ కోసం అడగట్లేదు కదా. నగదు కాకుండా యూపీఐలో వేయమనండి, లెక్క దానంతటదే నిలుస్తుంది.

రైడ్ ముందురోజు సాయంత్రం బండి చూసుకోండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాలి. చైన్ వదులైందేమో చూసి ఆయిల్ పెట్టండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి, రెండిటికీ బ్రేక్ లైట్ వెలుగుతోందా చూడండి. గుంపులో మీ వెనకాల వచ్చేవాడికి అదే ఆధారం. ట్యాంకు రాత్రే నింపేయండి. ఐఎస్ఐ మార్కు హెల్మెట్ మీకే కాదు, వెనక కూర్చునేవాళ్లకీ తప్పనిసరి. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు డిజిలాకర్‌లో ఉంటే చాలు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది రోడ్డు మీద. గుంపుకి ముందు దారి చూపే రైడరు (లీడ్), చివర ఎవరూ తప్పిపోకుండా చూసే రైడరు (స్వీప్) ఉంటారు. లీడ్‌ని దాటకూడదు, స్వీప్ కన్నా వెనకబడకూడదు. హైవే మీద పక్కపక్కన కాకుండా ఏటవాలుగా నడపాలి: లీడ్ తన లేన్‌లో కుడివైపు, రెండో బండి కొంచెం వెనక ఎడమవైపు, మూడోది మళ్లీ కుడివైపు. మీ వరసలో సూటిగా ముందున్న బండికీ మీకూ రెండు సెకన్ల దూరం ఉండాలి. మలుపులు, ఇరుకు రోడ్లు వస్తే ఒక్క వరసలోకి వచ్చేయండి. లీడ్ చూపుడువేలు పైకెత్తితే అర్థం అదే. చెయ్యి కిందికి చాపి అరచెయ్యి వెనక్కి తిప్పితే ఆగమని. గుంతో, ఇసుకో కనబడితే అటువైపు కాలు చాపి చూపిస్తారు, మీరూ వెనకవాళ్లకి చూపించండి.

ఉదాహరణకు పైన చెప్పిన లేపాక్షి రైడ్ అయితే, బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. హెబ్బాళ, దేవనహళ్లి, చిక్కబళ్లాపుర, బాగేపల్లి మీదుగా వెళ్లి, ఆంధ్రాలోకి దిగాక కొడికొండ దగ్గర ఎడమకు తిరగాలి. టోల్‌గేట్ల దగ్గర బైకులకు రుసుము లేదు, ఎడమ చివరి దారిలోంచి ఒక్కొక్కరే వెళ్లి, దాటాక రోడ్డుకి బాగా పక్కన ఆగి అందరినీ కలుపుకోండి. రైడ్ మైసూరు వైపైతే గుర్తుంచుకోండి: 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు, సర్వీసు రోడ్డే గతి.

సిటీలో సిగ్నల్ పడి గుంపు విడిపోతే విడిపోనివ్వండి. ఎర్ర లైటు దాటడం, జంక్షన్‌లో బండ్లు అడ్డం పెట్టి ట్రాఫిక్ ఆపడం మంచి పని పేరు చెప్పి చేసినా తప్పే. అటు అంబులెన్సు వస్తుండొచ్చు. లీడ్ ముందెక్కడో ఆగి చూస్తాడు.

ఇంటికొచ్చాక పని ఇంకొంచెం ఉంది. మొత్తం ఎంత పోగైంది, ఎవరికి అందింది అన్న రసీదు ఫొటో డబ్బు వేసిన ప్రతి ఒక్కరికీ పంపండి. వారం దాటినా లెక్క రాకపోతే నిర్వాహకులకు ఫోన్ చేసి గట్టిగా అడగండి. బావ ఐదొందలు వేసింది మీ మొహం చూసే.