ఆరు నెలల్లో ఏం చదివామో లెక్క చూసుకోవడం ఎలా

జనవరి 1 నుంచి జూన్ 30 దాకా 181 రోజులు. లీపు సంవత్సరమైతే ఇంకొకటి. ఆ రోజుల్లో చదివిన పుస్తకాలని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడానికి జూలై మొదటి పది రోజుల్లో ఏదో ఒక ఆదివారం పొద్దున మూడు గంటలు కేటాయిస్తే సరిపోతుంది. డిసెంబరు దాకా ఆగితే జనవరిలో చదివిన పుస్తకం పేరు తప్ప ఏమీ మిగలదు. పైగా అప్పటికి సరిదిద్దుకోవడానికి ఏడాది కూడా మిగలదు. జూలై 1 నాటికి అయితే ఇంకా 184 రోజులు చేతిలో ఉంటాయి.

కావలసినవి ఒక రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, ఫోను, ఇంట్లో అందుబాటులో ఉన్న పుస్తకాలు. ఎక్సెల్ షీటు కావాలంటే తర్వాత చేసుకోవచ్చు. మొదటి విడత మాత్రం చేత్తోనే రాయండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. అల్మరా వైపు చూడకుండా, ఫోను తెరవకుండా, ఈ ఆరు నెలల్లో చదివినవి గుర్తున్నంత మేరకు ఒక పేజీలో రాయాలి. ఇరవై నిమిషాలు చాలు. పేరు గుర్తు రాకపోతే "నీలం అట్ట, రైల్వే క్వార్టర్స్‌లో జరిగే కథ" అని రాసినా పరవాలేదు. ఏది ముందు తట్టిందో ఆ వరసలోనే రాయండి, తర్వాత మార్చకండి. పుస్తకాలన్నీ ముందే బయటికి తీసి పేర్చుకున్నారంటే ఈ పేజీ ఇక ఎప్పటికీ రాయలేరు. అట్ట కనిపించగానే అన్నీ గుర్తున్నట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆధారాలు వెతకాలి. ఆన్‌లైన్ ఆర్డర్ల చిట్టా, యూపీఐ చెల్లింపులు, కిండిల్‌లో ఉన్నవి, ఫోనులో డౌన్‌లోడ్ చేసుకున్న పీడీఎఫ్‌లు చూడండి. వాట్సాప్‌లో ఎవరికో పంపిన పేజీ ఫొటో కూడా చక్కని ఆధారమే, దాని మీద తేదీ ఉంటుంది. లైబ్రరీ పుస్తకమైతే, తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వేసే కాగితాన్ని తీసుకున్న రోజే ఫొటో తీసుకోవడం అలవాటు చేసుకోండి, పుస్తకం ఇచ్చేశాక ఇంకో దారి ఉండదు. పేజీల మధ్య ఉండిపోయిన బస్సు టికెట్టు, మందుల బిల్లు ఎక్కడ ఆగిపోయారో, ఏ రోజు ఆగిపోయారో రెండూ చెబుతాయి. ఒక్క జాగ్రత్త: కొన్న తేదీ చదివిన తేదీ కాదు. సాధారణంగా డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం వస్తాయి కాబట్టి చాలా ఇళ్లలో కొనుగోళ్లన్నీ అక్కడే కుప్పపడతాయి. బిల్లులు చూసి లెక్క రాస్తే చదవనివి కూడా చదివిన వాటిలో కలిసిపోతాయి.

ఒక్కో పుస్తకానికి ఒక్కో వరస రాయండి: పేరు, రచయిత, తొలి ముద్రణ ఏడాది, మొదలుపెట్టిన నెల, ముగించిన నెల, పేజీలు, ఎలా చేతికొచ్చింది (కొన్నది, అడిగి తెచ్చుకున్నది, లైబ్రరీది), ఎక్కడ ఆగింది. తొలి ముద్రణ దగ్గర తరచూ పొరపాటు జరుగుతుంది. లోపలి అట్ట తర్వాత వెల, ప్రతులు, ముద్రణ వివరాలు ఉండే పేజీ ఉంటుంది కదా, అక్కడ పైన కనిపించేది చాలాసార్లు ఈ ముద్రణ ఏడాది. 1950ల నాటి నవల 2019లో మళ్లీ అచ్చయితే 2019 అని రాసేస్తాం, చివరికి ఈ ఆరు నెలలూ కొత్త సాహిత్యమే చదివామనే తప్పు లెక్క తేలుతుంది. "తొలి ముద్రణ" అన్న మాట లేకపోతే ముందుమాట కింద వేసిన తేదీ చూడండి. ఒకటికి మించి ముందుమాటలుంటే వాటిలో పాతదాన్ని తీసుకోండి. నక్షత్రాలు, మార్కులు ఇప్పుడు వేయకండి. ఐదు నెలల కిందటి పుస్తకానికి ఇవాళ వేసే మార్కు దాని పేరుప్రతిష్ఠలకు పడుతుంది, మీ చదువుకు కాదు.

తర్వాత జ్ఞాపకంతో రాసిన పేజీ, ఆధారాలతో రాసిన పేజీ రెండూ పక్కపక్కన పెట్టండి. ఈ పని మొత్తానికి ఫలం ఇక్కడే ఉంది. రెండింటిలోనూ ఉన్నవాటి గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఆధారాల్లో ఉండి జ్ఞాపకంలో లేనివాటి కింద గీత గీయండి. అవి అన్నీ చెడ్డ పుస్తకాలు అనుకోకండి. ఒకే రచయితవి మూడు వరసగా చదివినా, ఒకే వారంలో రెండు ముగించినా ఒకటి ఇంకొకదాన్ని మింగేస్తుంది. జ్ఞాపకంలో ఉండి ఆధారాల్లో లేనివి మరీ ఆసక్తికరం. అవి నిరుడు చదివినవైనా అయి ఉంటాయి, లేదా ఎవరో చెప్పగా విని చదివినట్టే అనుకుంటున్నవైనా అయి ఉంటాయి. రెండో రకాన్ని కొట్టేయకుండా పక్కన చుక్క పెట్టండి. చదవకుండానే అంతగా మనసులో నిలిచిందంటే చదవాల్సిన వరసలో అది ముందుండాలి.

సగంలో ఆగినవాటిని సిగ్గుపడి దాచకండి, ఆగిన పేజీ నంబరుతో సహా రాయండి. మొదటి 40 పేజీల్లోపు ఆగితే చాలాసార్లు కారణం ఎంపికలో ఉంటుంది, ఆ సమయానికి అది మనం వెతుక్కున్న పుస్తకం కాదు. నడుమ ఆగితే కారణం ఎక్కువగా బయట ఉంటుంది. ప్రయాణం, పరీక్షలు, ఇంట్లో పెళ్లి, మార్చిలో లెక్కల ముగింపు లాంటివి. ఇలాంటివాటిని మొదటినుంచి ఎత్తుకోవాల్సిన పనిలేదు, ఆగిన చోటికి ఇరవై పేజీలు వెనక్కి వెళ్లి అందుకుంటే దారం దొరుకుతుంది. ఇంకా యాభై పేజీలే మిగిలి ఉండగా ఆగినవి ఉంటే ఈ వారంలోనే ముగించండి. కథల సంపుటాలకు ఈ లెక్క కుదరదు. 22 కథల్లో 9 చదివితే "9/22" అని రాయండి, అది సగంలో వదిలేసిన పుస్తకం కాదు. కవిత్వానికి పేజీలు అసలే వద్దు, రెండోసారి చదివిన కవితలెన్నో రాస్తే చాలు.

ఇక పేజీల లెక్క. ఉదాహరణకు ఒక పాఠకుడి 14 పుస్తకాలు ఇలా ఉన్నాయనుకుందాం: జనవరి 1,150 పేజీలు, ఫిబ్రవరి 520, మార్చి 130, ఏప్రిల్ 210, మే 780, జూన్ 290. మొత్తం 3,080, రోజుకు సగటున 17. ఆ 17 చూసి తృప్తిపడితే అసలు సంగతి తప్పిపోతుంది. జనవరిలో రోజుకు 37 చదివిన మనిషే మార్చిలో 4 చదివాడు. వచ్చే అర్ధ సంవత్సరానికి ప్రణాళిక వేసుకోవాల్సింది మార్చిలాంటి నెలను దృష్టిలో పెట్టుకునే. సగటు ఒక్క చోట బాగా పనికొస్తుంది: 900 పేజీల బరువైన పుస్తకం మొదలుపెడితే ఈ వేగంతో 53 రోజులు పడుతుందని ముందే తెలుస్తుంది.

పేజీ అన్నది అన్ని పుస్తకాల్లో ఒకటే కొలత కాదు. వరసకు 7 మాటలు, పేజీకి 30 వరసలుంటే 210 మాటలు. సన్నటి అచ్చులో వరసకు 9, పేజీకి 38 ఉంటే 342. అంటే అలాంటి 200 పేజీలు మొదటి రకంలో దాదాపు 326 పేజీలతో సమానం. పాత ముద్రణలు నెమ్మదిగా సాగుతున్నాయని బెంగపెట్టుకునే ముందు ఐదు వరసల్లో మాటలు లెక్కపెట్టి చూడండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఫోను చూపే పేజీ నంబరు కాకుండా అచ్చులో ఉన్న నంబరే రాయాలి. ఆడియో పుస్తకానికి గంటలు, నిమిషాలు వేరే గడిలో రాసుకోండి, పేజీల్లోకి మార్చే ప్రయత్నం వద్దు.

ఇంతవరకూ కొలతలు. వీటికంటే విలువైనది ఐదు వాక్యాల పరీక్ష. జాబితాలోంచి మూడు పుస్తకాలు ఎంచుకోండి: బాగా నచ్చింది ఒకటి, కింద గీత గీసింది ఒకటి, అందరూ మెచ్చుకున్నా మీకు అంతగా ఎక్కనిది ఒకటి. తెరవకుండా ఒక్కోదాని గురించి ఐదు వాక్యాలు రాయండి. "భాష అద్భుతం, పాత్రలు సజీవంగా ఉన్నాయి" లాంటి వాక్యం వందల పుస్తకాలకు అతుకుతుంది, దాన్ని కొట్టేయండి. "మామగారు అల్లుడికి పొలం చూపిస్తూ గట్టు మీద ఆగి చెప్పులు విప్పుతాడు, ఎందుకో రచయిత ఎక్కడా చెప్పడు" అన్నది ఆ ఒక్క పుస్తకానికే చెందుతుంది. అలాంటి వాక్యం ఒక్కటైనా వస్తే ఆ పుస్తకం మీలో ఉన్నట్టే. తర్వాత పుస్తకం తెరిచి ఆ చోటు వెతకండి. గుర్తున్నదానికీ అక్కడున్నదానికీ తేడా ఉంటే దాన్నీ పక్కన రాయండి. ఒక్కోసారి చెప్పులు విప్పింది మామగారు కాదు, అల్లుడే అయి ఉంటాడు.

చివరగా వరసలన్నీ ఒకసారి నిలువుగా చూసుకోండి. ఎన్ని అనువాదాలు, ఎంతమంది రచయిత్రులు, ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ మాట ఎంత వినబడింది, ఏ దశాబ్దం పూర్తిగా ఖాళీ. అన్నీ సమానంగా ఉండాలన్న నియమం లేదు. ఒక గడి ఖాళీగా కనిపిస్తే అందులోకి ఒక్క పుస్తకం చాలు.

డిసెంబరు వరకు జాబితాలో ఆరుకు మించి పేర్లు రాయకండి. ఆ ఆరింటిలో రెండు సగంలో ఆగినవి, ఒకటి చుక్క పెట్టినది, ఒకటి ఖాళీ గడిలోది ఉండాలి. మిగతా చోటు దారిలో ఎదురయ్యే పుస్తకాలకు వదలాలి. అదే పేజీ వెనక ఎవరి పుస్తకాలు మన దగ్గరున్నాయో, మనవి ఎవరి దగ్గరున్నాయో రాసి, ఆ సాయంత్రమే ఫోను చేయండి. జూలై తేమకు బూజు వాసన వేస్తున్న పుస్తకాలు కనబడితే ఎండలో పెట్టకండి, కాగితం పసుపెక్కి అట్ట జిగురు పగులుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పేజీలు విచ్చుకునేలా నిలబెట్టి ఒక రోజు ఉంచాక మళ్లీ అల్మరాలో సర్దుకోండి.