గూఢలిపి పాఠాలు – 4: రెండోసారి వాడిన పేజీ

కిందటి పాఠంలో కోడ్‌బుక్ చూసి మాటలను అంకెలుగా మార్చాం. ఆ పుస్తకం ఎదుటివాడికి చిక్కితే అంతా బట్టబయలే. అందుకే సోవియట్ గూఢచార విభాగం ఆ అంకెల మీద ఇంకో పొర వేసేది. అదే వన్‌టైమ్ ప్యాడ్, అంటే ఒక్కో పేజీని ఒక్కసారే వాడాల్సిన అంకెల పుస్తకం. పేజీ నిండా అయిదేసి అంకెల గుంపులుంటాయి. ఒక ప్రతి పంపేవాడి దగ్గర, దాని జోడు అందుకునేవాడి దగ్గర.

సందేశం 38471, తాళం (అంటే ప్యాడ్ పేజీలోని గుంపు) 79256 అనుకుందాం. ఒకదాని కింద ఒకటి రాసి, ఏ అంకెకా అంకె కూడండి. పది వచ్చినా, దాటినా ఒకట్ల అంకె మాత్రం వేసి, చేతిలో మిగిలిన ఒకటిని వదిలేయండి. 3కి 7 కలిపితే 10, వేయాల్సింది 0. మొత్తం 07627. మామూలు కూడికైతే 117727 వచ్చి అయిదు గళ్లలో పట్టదు. కూడికలు చకచకా చేసేవాళ్లే ఇక్కడ ఎక్కువ తడబడతారు.

విప్పేటప్పుడు తీసివేత. చాలకపోతే పక్క అంకెను అప్పడక్కండి, ఊరికే 10 కలుపుకోండి.

తాళం అంకెలు బుర్రలోంచి రాయొద్దు. ఒకే అంకెను వరసగా రెండుసార్లు రాయడానికి మనిషి జంకుతాడు. 0 నుంచి 9 దాకా పది చీటీలు డబ్బాలో వేసి కుదిపి తీయండి. తీసిన చీటీ మళ్లీ లోపల వేయకపోతే పదో అంకె ఏదో ముందే తెలిసిపోతుంది.

ఇక అసలు గండం. అదే తాళంతో 52093 కూడా పంపితే 21249 అవుతుంది. ఇప్పుడు 07627లోంచి 21249 మన పద్ధతిలో తీసేయండి: 86488. అసలు సందేశాల్లో 38471లోంచి 52093 తీసినా అదే 86488. తాళం మాయమైపోయింది! ఆ తేడాకు సరిపోయే కోడ్ జతలను వెతకడమే మిగిలిన పని.

1942 మొదట్లో, యుద్ధపు ఒత్తిడిలో, సోవియట్ ముద్రణవాళ్లు వేల పేజీలను రెండేసిసార్లు అచ్చేసి వేర్వేరు ప్యాడ్‌లలో కుట్టారు. అమెరికా సైన్యం 1943 ఫిబ్రవరిలో వర్జీనియాలోని ఆర్లింగ్‌టన్ హాల్‌లో ఈ సందేశాల మీద పని మొదలుపెట్టింది. 1946 డిసెంబరులో అక్కడి గూఢలిపి నిపుణుడు మెరెడిత్ గార్డ్‌నర్ విప్పిన ఒకదాంట్లో అణుబాంబు శాస్త్రవేత్తల పేర్లున్నాయి. వెనోనా అని పేరుపడ్డ ఆ పని 1980 దాకా సాగింది.

అభ్యాసం: 36281 వచ్చింది, తాళం 46773. విప్పండి. నాలుగో అంకె 0 వచ్చిందంటే మీరు పక్కవాడి దగ్గర అప్పు చేశారన్నమాట. జవాబు అయిదో పాఠంలో.