కణం లోపలి దృశ్యాన్ని నీటిరంగుల్లో చిత్రించడం: డేవిడ్ గుడ్‌సెల్ చూపిన దారి

అమెరికాలో, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ రీసెర్చ్ సంస్థలో అణువుల ఆకారాలను పరిశోధించే నిర్మాణ జీవశాస్త్రవేత్తగా పనిచేసిన డేవిడ్ గుడ్‌సెల్ కణం లోపలి దృశ్యాలను నీటిరంగుల్లో చిత్రించి పేరు పొందారు. 1999లో ఆయన వేసిన, మన పేగుల్లో ఉండే ఈ. కోలై బాక్టీరియా చిత్రం ఏ సూక్ష్మదర్శినిలోనూ అలా కనిపించేది కాదు. ఎక్స్‌రే పరిశోధనలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, జీవరసాయన లెక్కలు విడివిడిగా తెలిపిన సంగతులను ఆయన ఒకే కాగితం మీద సమకూర్చారు. అటువంటి చిత్రాన్ని స్వయంగా వేయదలచిన వారికి చేయి తిరిగిన చిత్రకళ కన్నా కొలత పట్ల శ్రద్ధ ఎక్కువ అవసరం.

అందుచేత ముందుగా నిర్ణయించుకోవలసినది పెంపు. పది లక్షల రెట్లు పెంచి గీస్తే ఒక నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షల వంతు) కాగితం మీద సరిగ్గా ఒక మిల్లీమీటరు అవుతుంది కాబట్టి మామూలు స్కేలుతోనే పని జరిగిపోతుంది. ఈ లెక్కన డీఎన్‌ఏ మందం 2 మిల్లీమీటర్లు, సాధారణ ప్రొటీన్ సుమారు 5, ప్రొటీన్లను తయారుచేసే రైబోజోమ్ 20 పైచిలుకు. అదే లెక్కన రెండు మైక్రాన్ల (రెండు వేల నానోమీటర్ల) పొడవున్న బాక్టీరియా మొత్తం రెండు మీటర్లు పట్టేస్తుంది గనుక, ఒక ఏ3 కాగితం మీద కణపు గోడ నుంచి లోపలికి ఒక ముక్కను మాత్రమే చూపించగలం. వెనుక ఉన్నవాటిని దూరాన్ని బట్టి చిన్నవిగా గీయకూడదు. అలా గీస్తే చిత్రంలో ఏ వస్తువునూ మరోదానితో పోల్చి చూడటం కుదరదు.

ఆకారాల కోసం, ప్రొటీన్ల వంటి అణువుల నిర్మాణాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంకును ఆశ్రయించాలి. 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైన ఈ భాండాగారంలో ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి, అన్నీ ఉచితం. 2000 సంవత్సరం నుంచి నెలకొక అణువును పరిచయం చేస్తూ గుడ్‌సెల్ అక్కడ రాసిన శీర్షికను చదివితే, ఏ అణువు కణంలో ఎక్కడ ఉండాలో కూడా తెలుస్తుంది. తెరమీద కనిపించే అణువులోని ప్రతి అణుబంధాన్నీ కాగితం మీదకు దించాలనుకోవడం అనవసర శ్రమ. బయటి గీతను కొలతకు తగ్గట్టు ట్రేసింగ్ కాగితం మీదకు తీసుకుంటే చాలు.

ఇక లెక్క. ఈ. కోలై ఘనపరిమాణం దాదాపు ఒక ఘన మైక్రాన్ అనుకుంటే, అందులో ఇరవై వేల రైబోజోములు, సుమారు ముప్ఫై లక్షల ప్రొటీన్లు ఉంటాయి. కాగితం మీద కణద్రవ్యానికి 200 మిల్లీమీటర్ల చదరం కేటాయించి, లోతు 25 నానోమీటర్లని అనుకుంటే అది ఘన మైక్రాన్‌లో వెయ్యో వంతు. అంటే ఇరవై రైబోజోములు, మూడు వేల ప్రొటీన్లు. ముందున్నవి వెనుకవాటిని కప్పేస్తాయి గనుక అన్నింటినీ గీయనక్కరలేదు కానీ, చిత్తుప్రతి చూసి ‘మరీ ఇరుకుగా ఉంది’ అనిపిస్తే మాత్రం సరైన దారిలో ఉన్నట్టే. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో కణద్రవ్యం ఖాళీ నీటి తొట్టిలా కనిపించడం చాలాకాలంగా జరుగుతున్న పొరపాటు. నిజానికి అందులో నాలుగో వంతు దాకా పెద్ద అణువులే ఆక్రమించుకుని ఉంటాయి.

గోడను కాగితం పై అంచున మొదలుపెట్టాలి. బయటి పొర, లోపలి పొర ఒక్కొక్కటి నాలుగైదు మిల్లీమీటర్ల మందంతో, వాటి మధ్య సుమారు 20 మిల్లీమీటర్ల ఎడంతో, ఆ ఎడంలో కణానికి గట్టిదనాన్నిచ్చే పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థపు సన్నని వలతో వస్తాయి. బయటి పొర వెలుపలి వైపు నుంచి చక్కెర గొలుసులు పైకి చాచుకుని ఉంటాయి. లోపలి పొరలో, కణానికి శక్తినందించే ఏటీపీ అనే చిన్న అణువును తయారుచేసే ఏటీపీ సింథేజ్‌ను తప్పక చూపించాలి. పొరలో తిరిగే కాడ, దాని చివర కణం లోపలికి వేలాడే 10 మిల్లీమీటర్ల గుండ్రని తల: ఆ తల బయటివైపు పడితే చిత్రమంతా తలకిందులవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహచరుడు సైరస్ ఫిస్కే 1929లో అమెరికాలోని హార్వర్డ్‌లో కండరంలో కనుగొన్న ఏటీపీ ఆ తలలోనే తయారవుతుంది. ఏటీపీని మాత్రం గీయం. నీటితో సహా చిన్న అణువులన్నింటినీ చూపిస్తే మిగిలినదేదీ కనబడదు గనుక గుడ్‌సెల్ వాటిని వదిలేస్తారు, మనమూ వదిలేయాలి.

కాగితం కింది భాగం డీఎన్‌ఏది. ఈ. కోలై డీఎన్‌ఏ మొత్తాన్ని సాగదీస్తే మన కొలతలో ఒకటిన్నర కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి, మెలికలు తిరుగుతూ, ప్రొటీన్లకు చుట్టుకుంటూ పోయే తీగలను ఒత్తుగా వేయాలి.

చిత్తుప్రతి కుదిరాక 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) నునుపు నీటిరంగుల కాగితం మీదకు మార్చి, నీటికి చెదరని నల్ల ఇంకుతో సన్నగా గీతలు గీసి, పూర్తిగా ఆరనివ్వాలి. రంగుల విషయంలో స్వేచ్ఛ ఉంది: కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు కాగా ప్రొటీన్ అయిదు నానోమీటర్లే గనుక, ఈ కొలతలో ‘అసలు రంగు’ అన్న మాటకు అర్థం లేదు. అయితే రంగు గుర్తుగా పనిచేయాలి. 1999 చిత్రంలో గోడ ఆకుపచ్చ, ఎంజైములు నీలం, రైబోజోములు ఊదా, డీఎన్‌ఏ పసుపు, డీఎన్‌ఏలోని సందేశాన్ని రైబోజోములకు మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తెలుపు. నీటిరంగుల్లో తెలుపును తర్వాత వేయడం కుదరదు కాబట్టి ఆ సన్నని పోగులున్న చోటును ముందే మాస్కింగ్ ద్రవంతో కప్పి, రంగులన్నీ ఆరాక ఒలిచేయాలి. ప్రతి అణువుకూ నీడలు వేయకుండా ఒకే చదును పూత వేసి, అణువుల మధ్య సందులను మాత్రం అదే వర్ణంలో ముదురు ఛాయతో నింపితే లోతు దానంతటదే వస్తుంది. ఒకే గుంపులోని అణువులకు రంగు కొద్దిగా మారుస్తూ పోవడం నా ఇష్టం. మూడు వేల గుండ్రాలకు ఒకే నీలం వేస్తే కన్ను అలసిపోతుంది.

చివరిగా, చిత్రం వెనుక జీవి పేరు, పెంపు, రంగుల సూచిక, తేదీతో పాటు, ఏ ఆకారాలు నమోదైన నిర్మాణాల నుంచి తీసుకున్నవో, ఏవి ఊహించి గీసినవో విడివిడిగా రాసి ఉంచాలి.